ఫార్మాట్ కొట్టమంటే కొట్టేయడమేనా?

మా తాత పేరు మీదున్న పొలానికి హద్దుల పేచీ వచ్చింది. వకీలుగారు 1954-55 ఖాస్రా పహాణీ (పొలం వివరాలు రాసిన పాత రెవెన్యూ రికార్డు) నకలు ఒకటి తెచ్చిపెట్టమన్నారు. ఆఫీసులో దరఖాస్తు పెడితే ఇస్తారు గానీ, దాని స్కాన్ ఇంట్లోనే ఉందని మా అందరికీ తెలుసు. నాన్న పాత కంప్యూటర్‌లోంచి పీకిన 500 జీబీ హార్డ్ డిస్క్‌లో ఉంది. కంప్యూటర్ పోయి మూడేళ్లు. డిస్క్‌ని మాత్రం ఓ యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి అమ్మ బీరువాలో దాచింది, పట్టుచీరల కింద. మా బావ దాన్ని తీసి తన లాప్‌టాప్‌కి తగిలించాడు. వెంటనే తెర మీద ఓ పెట్టె వచ్చింది. ఈ డిస్క్‌ని వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని.

బావ తొందరపడే మనిషి కాదు. నాకు ఫోన్ చేశాడు. నేను రైల్లో పడుకుని ఉన్నాను, ఎత్తలేదు. పొద్దున్నే డిస్క్ పట్టుకుని దగ్గర్లో ఉన్న ఓ కంప్యూటర్ షాపుకెళ్లాడు. అక్కడి అబ్బాయి తగిలించి చూసి, "కరప్ట్ అయింది సార్, ఫార్మాట్ కొట్టి రికవరీ పెడదాం" అన్నాడట. క్విక్ ఫార్మాట్ అర నిమిషంలో అయిపోయింది. రికవరీ రాత్రంతా నడిచి, పేర్లు లేని ఫొటోలు కొన్ని వందలు బయటికి తీసింది. పహాణీ వాటిలో లేదు. 1,500 రూపాయలు తీసుకున్నారు.

ఆ డిస్క్ కరప్ట్ కాలేదు. షాపు గడప తొక్కేదాకా దానికి ఏ జబ్బూ లేదు. అందులో ఉన్నది ఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్, విండోస్ ఉన్న బావ లాప్‌టాప్‌కి అది చదవడం రాదు. లోటు లాప్‌టాప్‌ది. తెర మీద వచ్చిన మాట చదివితే మాత్రం లోటు డిస్క్‌దే అనిపిస్తుంది. నా గొడవంతా ఆ మాటతోనే.

ఆ ఖాస్రా పహాణీ ఉర్దూలో ఉంది. నిజాం కాలపు రెవెన్యూ పద్ధతి ఇంకా పోని రోజులు కదా, కాగితాలన్నీ ఆ భాషలోనే. మా ఇంట్లో తాత తర్వాత ఉర్దూ చదవగలిగినవాళ్లు లేరు. అయినా ఆ కాగితాన్ని ఎవరూ పొయ్యిలో పెట్టలేదు. "ఇది మనకు చదవడం రాదు" అనుకుని, ఊళ్లో ఉర్దూ చదువుకున్న ఓ పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లి సర్వే నంబరూ విస్తీర్ణమూ చెప్పించుకున్నారు. డెబ్బై ఏళ్ల కిందటి కాగితానికి మా నాన్న ఇచ్చిన మర్యాదలో సగం కూడా ఆ డిస్క్‌కి దక్కలేదు.

అసలు సంగతి కొంచెం విప్పి చెప్తాను, తెలిసినవాళ్లు ఓ రెండు పేరాలు దాటేయండి. డిస్క్‌కి ఫైలంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా వరసగా నంబర్లు వేసిన గదులు. ఏ ఫైలు ఏ గదుల్లో ఉంది, పేరేమిటి, ఎక్కడ ఖాళీ ఉంది అని రాసి పెట్టుకునే పద్దే ఫైల్ సిస్టమ్. ఆ పద్దు రాసే తీరు ఒక్కొక్కరిది ఒక్కోటి. ఎన్‌టీఎఫ్ఎస్ 1993లో విండోస్ ఎన్‌టీ 3.1తో వచ్చింది. అదే ఏడాది, విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్‌కి ఎక్స్‌టీ2 వచ్చింది, దాని మనవడు ఎక్స్‌టీ4 2008లో స్థిరపడింది. ఆపిల్ వాళ్లు 2017లో ఏపీఎఫ్ఎస్‌కి మారారు. మెమరీ కార్డుల్లో 32 జీబీ దాటినవి ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, 2 జీబీ దాటి 32 జీబీ వరకు ఉన్నవి ఫ్యాట్32తో.

ఇన్ని రకాలున్నా, ఏది ఏమిటో కనిపెట్టడం కష్టమేమీ కాదు. ప్రతి ఫైల్ సిస్టమూ ఒక ఖాయమైన చోట తన గుర్తు వేసుకుంటుంది. ఎన్‌టీఎఫ్ఎస్ అయితే మొదటి మూడు బైట్లు దాటగానే ఆ నాలుగు అక్షరాలూ రాసి ఉంటాయి. ఎక్స్ఎఫ్ఎస్ మొట్టమొదటి నాలుగు బైట్లలోనే పేరు చెప్పేస్తుంది. సీడీల ఫైల్ సిస్టమ్ 32 కేబీ దాటాక 'సీడీ001' అంటుంది. బీటీఆర్‌ఎఫ్ఎస్ అయితే 64 కేబీ లోపలికి వెళ్లి వెతకాలి. ఎక్స్‌టీ వాళ్లు మొదటి 1024 బైట్లు ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాత 56 బైట్లకు 53, ఈఎఫ్ అనే రెండు బైట్లు పెడతారు. అంటే నాలుగైదు చోట్ల కాసిని బైట్లు చదివితే చాలు, సెకను కూడా పట్టదు. లైనక్స్‌లో 'ఎల్ఎస్‌బీఎల్‌కే మైనస్ ఎఫ్' అని కొడితే జరిగేది దాదాపు ఇదే. ఇలా గుర్తులు వెతికే లైబ్రరీకి పదుల రకాలు తెలుసు.

మరి అంత సులువైతే బావ లాప్‌టాప్ ఎందుకు ఫార్మాట్ చేయమంది? ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. షాపు అబ్బాయిని తిట్టుకుంటూ డిస్క్‌ని నా దగ్గరికి తెప్పించుకున్నాక గానీ అది నాకు గుర్తు రాలేదు.

డిస్క్ రకం రెండు చోట్ల రాసి ఉంటుంది. నేనిందాక చెప్పిన గుర్తు లోపలిది, ఫైల్ సిస్టమ్ తనకు తాను వేసుకునేది. బయట ఇంకోటి ఉంటుంది. డిస్క్ మొదట్లో పార్టిషన్ పట్టిక (డిస్క్‌ని ఏయే భాగాలుగా పంచారో చెప్పేది), అందులో ఒక్కో పార్టిషన్‌కి ఒక రకం అంకె. పాత ఎంబీఆర్ పద్ధతిలో అది ఒక్క బైటు. 83 అంటే లైనక్స్, 0సీ అంటే ఫ్యాట్32. 07 అంటే ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్, వీటికన్నా ముందు ఓఎస్/2 వాళ్ల హెచ్‌పీఎఫ్ఎస్, ముగ్గురికీ అదే అంకె. అందుకే ఆ పట్టికని చూపించే ఎఫ్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ ఆ మూడు పేర్లూ గీతలు పెట్టి వరసగా చూపిస్తుంది. అది చూసి "నా డిస్క్‌లో ఇవన్నీ ఉన్నాయా" అని అడిగినవాళ్లు నాకు తెలుసు. ఎఫ్‌డిస్క్ చెప్పేది డబ్బా మీద అంటించిన చీటీ. లోపల పప్పుందో ఉప్పుందో అది మూత తీసి చూడలేదు.

2014లో నాన్న కంప్యూటర్‌కి ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) వేసినప్పుడు, ఈ డిస్క్‌లో అప్పటికే ఒక ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ ఉంది. దాన్ని తీసేసి కొత్తది చేసే ఓపిక లేక, ఉన్న పార్టిషన్ మీదే ఎక్స్‌టీ4 వేసేశాను. ఆ పని చేసే ప్రోగ్రామ్ లోపలి గుర్తు మారుస్తుంది, బయటి చీటీ జోలికి పోదు. లైనక్స్ ఆ చీటీని పట్టించుకోదు కాబట్టి నాన్నకి ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. డబ్బా మీద మాత్రం 07 అనే అంకె అలాగే ఉండిపోయింది. బావ లాప్‌టాప్ ఆ 07 చూసి "ఇది మన తాలూకే" అనుకుంది, ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చింది, లోపల చూసి తనకు తెలిసిన గుర్తు లేకపోయేసరికి ఫార్మాట్ చేయమంది. అప్పుడు నేను ఒక్క నిమిషం కూర్చుని ఆ 07ని 83 చేసి ఉంటే, చాలావరకు ఆ పెట్టె వచ్చేదే కాదు.

షాపులో ఫార్మాట్ కొట్టాక, ఇన్నేళ్లకి మొదటిసారి ఆ చీటీ నిజమైంది.

నేను తగిలించేసరికి అన్ని పనిముట్లూ ముక్తకంఠంతో ఎన్‌టీఎఫ్ఎస్ అన్నాయి. బయటి చీటీ అదే, లోపలి గుర్తూ అదే. పాత గుర్తులు కూడా వెతికి చూపించే 'వైప్‌ఎఫ్ఎస్' అనే ప్రోగ్రామ్ ఉంది, అదీ ఇంకేమీ లేదంది. అబద్ధం చెప్పట్లేదు పాపం. ఎన్‌టీఎఫ్ఎస్ తన మొదటి 8 కేబీలో సొంత సరంజామా పెట్టుకుంటుంది, ఆ 53, ఈఎఫ్ ఉండాల్సిన చోటు సరిగ్గా దాని కిందపడి పోయింది.

కానీ ఎక్స్‌టీ4 తన ముఖ్యమైన పేజీకి నకళ్లు పెట్టుకుంటుంది. 4 కేబీ గదులైతే మొదటి నకలు 32768వ గదిలో, అంటే సరిగ్గా 128 ఎంబీ దగ్గర. తర్వాతవి 98304, 163840, 229376, అలా డిస్క్ పొడుగునా. క్విక్ ఫార్మాట్ అంత దూరం వెళ్లి చెరపదు. ముందు డీడీ రెస్క్యూతో డిస్క్ మొత్తానికి కాపీ తీసి, అసలుదాన్ని పక్కన పెట్టి, కాపీలో 128 ఎంబీ దగ్గర బైట్లు తెరిచి చూశాను. 56 బైట్లు దాటగానే 53, ఈఎఫ్. ఇంకాస్త కిందికి, ఆ డ్రైవ్‌కి పెట్టిన పేరు ఉండే చోట, ఈ0 బీ0 ఏ8 అని మూడు బైట్లు. ఇంకో మూడు బైట్ల తర్వాత మళ్లీ అవే మూడు, ఇంకాస్త ఆగి మళ్లీ అవే. బైట్లని ఇలా అంకెలూ అక్షరాలూ కలిపి రాసే హెక్స్‌లో చూసి చూసి కళ్లు అలవాటైనవాళ్లకి అది 'న' అని తెలుస్తుంది. యూనికోడ్‌ని యూటీఎఫ్-8 పద్ధతిలో రాస్తే తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకి, పొల్లుకి ఒక్కోదానికి మూడు బైట్లు. ఎక్స్‌టీ4లో డ్రైవ్ పేరుకి ఇచ్చే చోటు 16 బైట్లు. 'నాన్న' అని రాస్తే 15. అప్పట్లో ఆ పేరు పట్టిందని నేను మురిసిపోవడం గుర్తుంది.

నకళ్లు ఎక్కడెక్కడున్నాయో కనుక్కోవడానికి ఒక ఉపాయం ఉంది. ఫైల్ సిస్టమ్ తయారు చేసే ప్రోగ్రామ్‌నే 'ఎన్' అనే ఆప్షన్‌తో నడిపితే, నిజంగా ఏమీ రాయకుండా "నేనైతే ఇక్కడిక్కడ పెట్టేదాన్ని" అని జాబితా ఇస్తుంది. ఆ ఒక్క అక్షరం మర్చిపోతే షాపు అబ్బాయి చేసిన పనే నేనూ చేసినట్టు. కాపీ మీదే అయినా, ఎంటర్ నొక్కే ముందు టెన్షన్‌తో మూడుసార్లు చదువుకున్నాను. తర్వాత ఫైల్ సిస్టమ్ పద్దుని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే అనే ప్రోగ్రామ్‌కి "32768 దగ్గరున్న నకలు చూసి సరిచెయ్" అని చెప్పి వదిలేశాను. చాలావరకు తిరిగొచ్చింది. కొత్త ఎన్‌టీఎఫ్ఎస్ తన ఫైళ్ల పట్టికని మామూలుగా 3 జీబీ దగ్గర మొదలుపెడుతుంది, ఆ ప్రాంతంలో ఉన్నవి కొన్ని పోయాయి. స్కాన్ల ఫోల్డర్‌కి పేరు పోయి #131074 అనే నంబర్ మిగిలింది, లోపల ఫైళ్ల పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. పహాణీ దొరికింది. అక్క కొడుకు అన్నప్రాశన వీడియో దొరకలేదు. ఆ సంగతి అక్కకి ఇంకా పూర్తిగా చెప్పలేదు.

ఆఫీసులో ఈ కథ చెప్తే ఒక స్నేహితుడు ఒప్పుకోలేదు. "మామూలు మనిషికి ఎక్స్‌టీ4 అని చూపిస్తే ఏం చేసుకుంటాడు? కొత్తగా కొన్న ఖాళీ డిస్క్ తగిలించినప్పుడు ఫార్మాట్ చేయమని అడగాలి కదా, ఆ పెట్టె అందుకే ఉంది" అన్నాడు. రెండో మాట నిజమే. ఖాళీ డిస్క్‌కి ఆ ప్రశ్న సరైన ప్రశ్న. అయితే అంతా సున్నాలున్న డిస్క్‌కీ, వేరేవాళ్ల గుర్తు ఉన్న డిస్క్‌కీ తేడా కనుక్కోవడానికి ఎంత చదవాలో పైనే చెప్పాను. అదేమీ రహస్యం కాదు, ఆ గుర్తులన్నీ అందరికీ తెలిసినవే. విండోస్ 11లో డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయం) పెట్టుకుంటే ఎక్స్‌టీ4 డిస్క్‌ని తగిలించి చదువుకోవచ్చు కూడా. అంటే చదవడం వచ్చినవాడు అదే ఇంట్లో వెనక గదిలో ఉండొచ్చు, ముందు గదిలో వాడు మాత్రం "ఇది చెత్త, ఊడ్చేయనా" అని అడుగుతుంటాడు.

మొదటి మాటకి నా జవాబు బావే. ఆయనకి ఎక్స్‌టీ4 అంటే ఏమిటో తెలియక్కర్లేదు. "ఈ డిస్క్‌లో ఎక్స్‌టీ4 ఉన్నట్టుంది, ఈ కంప్యూటర్‌కి చదవడం రాదు" అని ఆ పెట్టెలో ఉండుంటే, షాపులో ఆయన అదే మాట చెప్పేవాడు. మాటంటూ ఉంటే అడగొచ్చు, వెతకొచ్చు. "ఫార్మాట్ చేయమంటోంది" అనే మాటతో షాపుకెళ్తే అక్కడ ఫార్మాటే చేస్తారు, ఇంకేం చేస్తారు? ఈ విషయంలో మ్యాక్ కొంచెం నయం. మీరు పెట్టిన డిస్క్‌ని ఈ కంప్యూటర్ చదవలేకపోయింది అంటుంది, తప్పు తన మీద వేసుకుంటుంది. పక్కనే 'ఇనిషియలైజ్' అనే బటన్ పెట్టి ఆ పుణ్యం కాస్తా పోగొట్టుకుంటుంది, అది వేరే సంగతి.

ఇంకో అభ్యంతరం నేనే వేసుకుంటాను. గుర్తు చదివితే ఎప్పుడూ నిజం తెలుస్తుందా? తెలియదు. ఎక్స్‌టీ2, 3, 4 మూడింటికీ అదే 53, ఈఎఫ్. తేడా తెలియాలంటే పక్కనున్న ఇతర గుర్తులు చూడాలి, జర్నల్ (మార్పుల చిట్టా) ఉందా, ఎక్స్‌టెంట్లు (వరస గదులని ఒకే పద్దుగా రాయడం) వాడుతోందా అని. లైనక్స్‌లో 'స్టాట్ మైనస్ ఎఫ్' అనే కమాండ్ ఎక్స్‌టీ4 మీద నడిపినా ఈరోజుకీ 'ఎక్స్‌టీ2/ఎక్స్‌టీ3' అనే అంటుంది. ఫ్యాట్ సంగతి ఇంకా తమాషా. ఫ్యాట్32 డ్రైవ్‌లో 82వ బైటు దగ్గర 'ఫ్యాట్32' అని అక్షరాలా రాసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల స్పెసిఫికేషన్ చదివితే, దాన్ని చూసి రకం తేల్చొద్దు, క్లస్టర్లు (గదుల గుంపులు) లెక్కపెట్టు అని ఉంటుంది. 4085 కన్నా తక్కువైతే ఫ్యాట్12, 65525 కన్నా తక్కువైతే ఫ్యాట్16, ఆపైన ఫ్యాట్32. నుదుటి మీద పేరు రాసుకుని, కింద "ఇది నమ్మకండి" అని రాసుకున్నట్టు.

తాళం వేసిన డిస్కులు ఇంకో రకం. బిట్‌లాకర్, లక్స్ లాంటివి కనీసం "నేను తాళం వేసి ఉన్నాను" అని చెప్పే గుర్తు పెడతాయి. 2015లో ఆండ్రాయిడ్ 6తో ఒక సదుపాయం వచ్చింది, మెమరీ కార్డుని ఫోన్ సొంత మెమరీలో కలిపేసుకోవడం. అలా కలిపేసిన కార్డుని తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే, లోపలంతా అర్థంపర్థం లేని బైట్లే. తాళంచెవి మొదటి ఫోన్‌లోనే ఉంటుంది. ఆ ఫోన్ పగిలిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. కొన్ని సీసీ కెమెరా డీవీఆర్‌లు డిస్క్‌ని తమకు మాత్రమే తెలిసిన పద్ధతిలో రాస్తాయి, మామూలు కంప్యూటర్‌కి అదంతా ఖాళీ జాగాలా కనిపిస్తుంది. దొంగతనం జరిగిన రాత్రి వీడియో ఉన్న డిస్క్‌ని "ఖాళీగా ఉంది" అని ఎవరైనా ఫార్మాట్ కొట్టేయడం ఎంత సులువో ఆలోచించండి. గుర్తు కనబడకపోతే కంప్యూటర్ చెప్పాల్సింది "నాకు తెలియలేదు" అని. ఆ మాట చెప్పడానికి ఏ స్పెసిఫికేషనూ అడ్డు రాదు.

మన ఇళ్లల్లో డిస్కులూ కార్డులూ ఒకచోట ఉండేవి కావు. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్ స్టూడియో నుంచి మనింటికి, మనింటి నుంచి వియ్యాలవారింటికి, అక్కడి నుంచి అమెరికా వెళ్లే సూట్‌కేస్‌లోకి. కారులో పాటల కోసం పెట్టింది టీవీకి వెళ్తుంది, టీవీ చదవలేదంటే మళ్లీ ఫార్మాట్ కొడతారు. 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో సగం ఖాళీ ఉండగా 5 జీబీ వీడియో ఎక్కట్లేదంటే పెన్‌డ్రైవ్ డూప్లికేట్ అని తేల్చేస్తారు. అది ఫ్యాట్32 అయితే ఒక్క ఫైలు 4,29,49,67,295 బైట్లు దాటకూడదు, అంతే దాని హద్దు. విండోస్‌లో ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే 'ఫైల్ సిస్టమ్' అని ఒక వరస ఉంటుంది. ఎవరైనా "పెన్‌డ్రైవ్ పనిచేయట్లేదు" అంటే నేను ముందడిగేది ఆ వరసలో ఏముందని. బావకి కూడా నేర్పాను, ఇప్పుడు ఆయన ఫోన్ చేసి ముందు ఆ పేరు చెప్పాకే క్షేమసమాచారాలు.

పహాణీ స్కాన్‌ని ప్రింట్ తీసి వకీలుగారికి ఇచ్చాం. దాన్నీ మిగిలిన స్కాన్లనీ ఓ ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లో వేసి బావకిచ్చాను. నాన్న డిస్క్ మీద మళ్లీ ఎక్స్‌టీ4 వేసి, తిరిగొచ్చిన ఫైళ్లన్నీ పెట్టి, ఈసారి ఎఫ్‌డిస్క్ తెరిచి 07ని 83 చేశాను. 'టీ' నొక్కడం, 83 కొట్టడం, 'డబ్ల్యూ' నొక్కడం. కేసింగ్ మీద స్కెచ్ పెన్‌తో 'ఎక్స్‌టీ4 - లైనక్స్ - ఫార్మాట్ కొట్టొద్దు' అని రాసి అమ్మకిచ్చేశాను.

పోయిన ఆదివారం బావ ఫోన్. "ఒరేయ్, మీ నాన్న డిస్క్ మళ్లీ పెట్టి చూశాను. పోయినసారి ఫార్మాట్ చేయమనైనా అడిగింది. ఈసారి అసలు డ్రైవే కనిపించట్లేదు. ఏం చేశావు దాన్ని?"